రాయవేలూరులో పునరావాస వైద్యం: చికిత్సలోంచి పుట్టిన పరిశోధన

కుష్ఠు రోగుల వేళ్ళు వాటంతట అవే కుళ్ళి రాలిపోతాయన్న నమ్మకం ఇరవయ్యో శతాబ్దం సగం గడిచేదాకా జనంలోనే కాదు, వైద్యుల్లోనూ బలంగా ఉండేది. వ్యాధికి కారణమైన సూక్ష్మజీవిని నార్వేలో హాన్సెన్ 1873లోనే గుర్తించినా, చేతులూ కాళ్ళూ ఎందుకు వికృతమవుతున్నాయన్న ప్రశ్న జోలికి దాదాపు ఎవరూ పోలేదు. మాంసమే చెడిపోయిందనుకున్నాక ఇక అడగడానికేం ఉంటుంది? ఆ ప్రశ్న అడిగి, జవాబును రోగుల రోజువారీ బతుకులో వెతికిన చోటు తమిళనాడులోని వేలూరు. తెలుగువాళ్ళకు అది రాయవేలూరు. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడేవరకు చిత్తూరు ప్రాంతమూ వేలూరూ ఒకే ఉత్తర ఆర్కాటు జిల్లాలో ఉండేవి. సరిహద్దు మారినా, పెద్ద జబ్బు చేస్తే రాయవేలూరు వెళ్ళే అలవాటు రాయలసీమలో మారలేదు.

అక్కడి క్రైస్తవ వైద్య కళాశాల ఆసుపత్రికి మూలం 1900లో ఐడా స్కడర్ ఒకే ఒక్క మంచంతో మొదలుపెట్టిన చిన్న వైద్యశాల. 1918లో ఆడపిల్లలకు వైద్యవిద్య మొదలైంది. 1940లలో కళాశాలకు ప్రిన్సిపాల్‌గా ఉన్న రాబర్ట్ కాక్రేన్ కుష్ఠు వ్యాధిలో నిపుణుడు. అప్పుడప్పుడే వస్తున్న డాప్సోన్ మందును చెంగల్పట్టు కుష్ఠు ఆశ్రమంలో వాడి చూసిన తొలితరం వైద్యుల్లో ఆయన ఒకరు. 1946లో వేలూరుకు పాల్ బ్రాండ్ అనే యువ శస్త్రవైద్యుడు వచ్చాడు. పుట్టింది 1914లో, తమిళ దేశంలోని కొల్లిమలలో, మిషనరీ దంపతులకు. చదివింది లండన్‌లో. కాక్రేన్ ఆయన్ను చెంగల్పట్టు తీసుకెళ్ళి, కొంకర్లు పోయిన చేతులు చూపించాడు. ఎముకల వైద్యులు పోలియో మీదా, ప్రమాదాల మీదా, కీళ్ళ జబ్బుల మీదా ఎంతో పని చేశారు గానీ, అంతకంటే ఎక్కువమందిని కుంటివాళ్ళను చేస్తున్న ఈ వ్యాధిని మాత్రం ముట్టుకోలేదు. బ్రాండ్‌ను కదిలించిందీ, పనిలోకి దించిందీ ఆ లోటే.

ఆయన ముందు కత్తి పట్టలేదు, లెక్క పట్టాడు. వందలాది రోగుల చేతులు ఒక్కొక్కటే పట్టుకుని ఏ కండరం పనిచేస్తోంది, ఏది చచ్చుబడింది, చర్మం ఎక్కడ మొద్దుబారింది అని రాసుకుంటూ పోయాడు. అడ్డదిడ్డంగా ఉందనుకున్న నష్టంలో ఒక వరస కనిపించింది. చిటికెన వేలి వైపు స్పర్శనిచ్చి, అరచేతిలోని చిన్న కండరాలను ఆడించే అల్నార్ నాడి దాదాపు ఎప్పుడూ మోచేతికి కాస్త పైనే దెబ్బతింటోంది. మీడియన్ నాడి మణికట్టు పైన దెబ్బతింటోంది. కాలి విషయానికొస్తే మోకాలి పక్కనా, చీలమండ దగ్గరా. ముంజేతిలో లోతుగా ఉన్న కండరాలు మాత్రం చాలామందిలో చెక్కుచెదరకుండా ఉన్నాయి. చెంగల్పట్టులో చనిపోయిన ఒక రోగి శరీరాన్ని కోసి చూసినప్పుడు దీనికి రుజువు కంటికి కనిపించింది. నాడులు వాచి ఉన్నవి సరిగ్గా అవి చర్మానికి దగ్గరగా వచ్చే చోట్లలోనే. ఒంట్లో మిగతా భాగాలకంటే చల్లగా ఉండే తావులవి. కుష్ఠు క్రిమికి చల్లదనం అనుకూలం. శరీరమంతా కుళ్ళడం అన్న మాట అక్కడితో అర్థం లేనిదైంది.

ఈ పరిశీలనలోంచే చికిత్స దొరికింది. బతికున్న కండరం ఏదో తెలిసింది కాబట్టి, దాని టెండన్‌ను దారి మళ్ళించి చచ్చుబడ్డ కండరం పని చేయించవచ్చు. పోలియో వచ్చినవాళ్ళకూ, నాడులు తెగినవాళ్ళకూ ఇలాంటి శస్త్రచికిత్సలు అప్పటికే ఉన్నాయి. బ్రాండ్ వాటినే తీసుకుని కుష్ఠు చేతికి తగ్గట్టు మార్చాడు. తర్వాతి రోజుల్లో మణికట్టును పైకెత్తే ఒక కండరానికి నాలుగు పాయలుగా చీల్చిన టెండన్‌ను అతికి, ఆ పాయలను నాలుగు వేళ్ళకూ కలిపే పద్ధతి ఆయన పేరుతో స్థిరపడింది. పాదం వేలాడేవాళ్ళకు కాలి వెనుకవైపు కండరాన్ని ముందుకు తెచ్చి కలిపేవారు. ఆయన భార్య మార్గరెట్ కంటి వైద్యురాలు. రెప్ప మూతపడక చూపు పోగొట్టుకుంటున్నవాళ్ళ కళ్ళను కాపాడే పనిని ఆమె చేపట్టింది. కణత దగ్గరి నమిలే కండరంలో కొంత భాగాన్ని రెప్పకు కలిపితే, రోగి దవడ బిగించినప్పుడల్లా కన్ను మూసుకుంటుంది. అయితే మనిషి మామూలుగా రెప్ప వేయడం దవడ బిగించి కాదు గదా. రోగి దాన్ని కొత్తగా నేర్చుకోవాలి. చేతికీ అంతే. కత్తి పని గంటల్లో అయిపోతుంది. మణికట్టును ఎత్తే కండరానికి వేళ్ళను వంచడం నేర్పే పని ఫిజియోథెరపీలో వారాల తరబడి సాగుతుంది. పునరావాస వైద్యం అన్న పేరుకు అసలు అర్థం ఆ వారాల్లోనే ఉంది.

ఆపరేషన్ బాగా జరిగి, వేళ్ళు చక్కగా తెరుచుకుని ఇంటికి వెళ్ళినవాళ్ళలో కొందరు నిరాశతో తిరిగొచ్చారు. వంకరపోయిన చెయ్యి చాపితే భిక్ష పడేది. చక్కబడ్డ చేతికి పడడం లేదు. మచ్చలున్న మొహాన్ని చూసి పని ఇచ్చేవాళ్ళూ లేరు. చేతిని బాగుచేసి మనిషిని రోడ్డు మీద వదిలేస్తే ఆ చికిత్స పూర్తయినట్టు కాదని అప్పుడు తేలింది. 1950ల మొదట్లో వేలూరులో నవజీవ నిలయం వెలిసింది. వడ్రంగం, బొమ్మల తయారీ వంటి పనులు నేర్పే చిన్న పల్లె అది. అక్కడున్నవాళ్ళు పని నేర్చుకుంటూనే వైద్యులకు తోటి పరిశోధకులయ్యారని చెప్పడం అతిశయోక్తి కాదు.

ఎందుకంటే అసలు చిక్కు అక్కడే ముడివిడింది. చికిత్స అయిన చేతుల మీద కూడా గాయాలు పుడుతూనే ఉన్నాయి. అంతకుముందే ఒక సంఘటన బ్రాండ్ మనసులో నాటుకుపోయింది. తుప్పు పట్టిన తాళం ఒకటి ఆయన ఎంత తిప్పినా రాలేదు. పక్కనున్న బక్కపలచటి కుర్రవాడు, కుష్ఠు రోగి, తాళంచెవి అందుకుని ఒక్క తిప్పుతో తీసేశాడు. కింద నెత్తుటి చుక్కలు పడ్డాయి. చూస్తే, తాళంచెవి అంచు వేలిని ఎముకదాకా కోసేసింది. కుర్రవాడికి తెలియనే లేదు. అతనికి ఎక్కువ బలం ఉండి కాదు. ‘ఇక చాలు’ అని ఆపే నొప్పి లేదు. మామూలు మనిషి ఎక్కడ ఆగాలో నొప్పి చెబుతుంది. ఆ మాట వినబడని చెయ్యి తనను తానే చీల్చుకుంటుంది.

నవజీవ నిలయంలో ప్రతి గాయానికీ కారణం కనిపెట్టి తీరాలన్న నియమం పెట్టుకున్నారు. వేడి గిన్నె పట్టుకోవడం, సుత్తి పిడిని అవసరానికి మించి బిగించి పట్టడం, చెప్పులో చేరిన చిన్న రాయి. ఒకటొకటిగా దాదాపు అన్నిటికీ కారణం దొరికింది. మిగిలిపోయినవి రాత్రికి రాత్రి మాయమయ్యే వేలి కొనలు. నిద్ర మానేసి కాపలా కాస్తే తేలింది: ఎలుకలు. నొప్పి తెలియని వేళ్ళను అవి కొరుకుతుంటే నిద్రపోయేవాడికి మెలకువ రావడం లేదు. అప్పటినుంచి ఇంటికి వెళ్ళే రోగికి ఒక పిల్లిని తోడిచ్చి పంపేవారు. వినడానికి చిన్న విషయమే అయినా, ఇందులో తేలింది చిన్నది కాదు. వేళ్ళు రాలిపోవడం లేదు. దెబ్బలకు, చీముకు, ఎముక కొంచెం కొంచెంగా అరిగి పొట్టివవుతున్నాయి. కారణం తెలిసింది గనుక ఆపవచ్చు. ఈ నిజాన్ని ఏ ప్రయోగశాలా ఒంటరిగా కనిపెట్టగలిగేది కాదు. రోగులు వండుకునే, చెక్క కోసే, నిద్రపోయే చోటే దానికి ప్రయోగశాల అయింది.

అరికాలి పుండ్ల సంగతి కూడా అలాగే తేలింది. వాటికి చెడు నెత్తురు కారణమని అనుకునేవారు. కాలికి ఒదిగేలా పిండికట్టు వేసి నడవనిస్తే, ఏళ్ళ తరబడి మానని పుండు వారాల్లో మానుతోంది. మాంసం మంచిదే, ఒత్తిడే శత్రువు అనడానికి ఇంతకంటే రుజువేం కావాలి? కట్టు విప్పాక మళ్ళీ పుండు రాకుండా చూడాలంటే చెప్పు మారాలి. లోపల మెత్తని మైక్రోసెల్యులార్ రబ్బరు, కింద గట్టి అట్ట, మేకులు లేని కుట్టుపని: పాదం మీద బరువును ఒకేచోట పడనీయకుండా పరిచే చెప్పు ఇలా తయారైంది. ‘ఎంసీఆర్ చెప్పులు’ అన్న మాట తెలుగునాట కుష్ఠు నివారణ కార్యకర్తలకూ, రోగులకూ ఇప్పటికీ వాడుక మాటే. మరీ మెత్తగా ఉంటే రబ్బరు అణగారిపోతుంది, గట్టిగా ఉంటే పనికిరాదు. ఆ రెండింటి నడిమి మెత్తదనం రోగుల పాదాల మీద చూసి చూసి తేల్చిందే.

1955లో వేలూరుకు దగ్గర్లోని కరిగిరిలో షెఫిలిన్ కుష్ఠు పరిశోధనా ఆరోగ్యాలయం మొదలైంది. రాళ్ళూ ఎండా తప్ప మరేమీ లేని నేల. శస్త్రవైద్యుడు ఎర్నెస్ట్ ఫ్రిట్షి అక్కడ వైద్యంతో పాటు చెట్లు నాటడాన్నీ పట్టుదలగా సాగించాడు. ఒకే ప్రాంగణంలో రోగుల వార్డులు, శస్త్రచికిత్స గది, సూక్ష్మజీవుల ప్రయోగశాల, చెప్పుల కార్ఖానా, చుట్టుపక్కల ఊళ్ళలో వ్యాధిని వెతికే సిబ్బంది ఉండడం కరిగిరి బలం.

దానికి కాస్త ముందే వేలూరు వైద్యుల్లో ఒకరు తానే రోగి అయింది. మేరీ వర్గీస్ కేరళలో 1925లో పుట్టి వేలూరులోనే చదివిన వైద్యురాలు. 1954 జనవరిలో జరిగిన వాహన ప్రమాదంలో వెన్ను దెబ్బతిని నడుము కింది భాగం చచ్చుబడింది. చక్రాల కుర్చీలో కూర్చుని చేయగల శస్త్రచికిత్స ఒకటుందని బ్రాండ్ ఆమెకు గుర్తుచేశాడు. చేతి శస్త్రచికిత్సను శస్త్రవైద్యులు కూర్చునే చేస్తారు. అలా ఆమె కుష్ఠు రోగుల చేతులు బాగుచేయడం మొదలుపెట్టింది. తర్వాత ఆస్ట్రేలియాలోని పెర్త్‌లో తానే రోగిగా పునరావాస శిక్షణ పొంది, న్యూయార్క్‌లో హోవర్డ్ రస్క్ సంస్థలో పునరావాస వైద్యం చదివి, 1960ల మొదట్లో తిరిగొచ్చి వేలూరులో ఆ శాఖను నడిపింది. 1966లో బాగాయంలో పునరావాస సంస్థ తెరుచుకుంది. వెన్నుపూస విరిగినవాళ్ళు, తలకు దెబ్బ తగిలినవాళ్ళు అక్కడ నెలల తరబడి ఉండి పడక పుండ్లు రాకుండా చూసుకోవడం, మూత్రం సంగతి చూసుకోవడం, మంచం మీంచి కుర్చీలోకి మారడం, ఒక జీవనోపాధి నేర్చుకోవడం సాధన చేస్తారు. ఆమెకు 1972లో పద్మశ్రీ వచ్చింది. 1986లో కన్నుమూసింది. ఆ సంస్థ ఇప్పుడు ఆమె పేరుతోనే నడుస్తోంది. వెన్ను దెబ్బతిన్నవాడికి పుండు పుట్టేదీ కుష్ఠు రోగికి పుట్టేదీ ఒకే కారణంతో: స్పర్శ లేని చర్మం మీద ఆగకుండా పడే బరువు. వేలూరులో ఒక వ్యాధి నేర్పింది మరో వ్యాధికి సాయపడడం అనుకోకుండా జరిగింది కాదు, ఒకే మనుషులు రెండిటినీ చూశారు గనుక జరిగింది.

అదే 1966లో బ్రాండ్ అమెరికాలోని లూసియానా రాష్ట్రంలో ఉన్న కార్విల్ కుష్ఠు ఆసుపత్రికి వెళ్ళాడు. వేలూరులో కంటితో చూసినదాన్ని అక్కడ ఇంజనీర్లతో కలిసి కొలిచాడు. ఎలుకల అరికాలి మీద ఒక యంత్రంతో, ఒక్కసారికి ఏ హానీ చేయని ఒత్తిడిని రోజూ వేలసార్లు వేయించి చూశారు. మొదట చర్మం వేడెక్కింది, తర్వాత వాచింది, రోజులు గడిచేకొద్దీ చిట్లి పుండయింది. మధ్యలో విశ్రాంతి ఇస్తే తట్టుకుంది. పుండు పడేముందు ఆ చోటు వేడెక్కుతుందన్న ఎరుక అప్పటినుంచి పాదాల వైద్యంలో పనిముట్టయింది. 1985లో ఆయన చేతి యాంత్రిక ధర్మాల మీద రాసిన గ్రంథం వెలువడింది. మరుసటేడు కార్విల్ ఫిజియోథెరపిస్టులు ఇంకో తేలికైన సంగతి తేల్చారు: పది గ్రాముల బలంతో వంగే నైలాన్ తీగ అరికాలికి తగిలినట్టు తెలిస్తే, ఆ పాదానికి తనను కాపాడుకునేంత స్పర్శ మిగిలి ఉన్నట్టే.

తెలుగునాట ఈ దారికి సొంత చరిత్ర ఉంది. నిజామాబాదు జిల్లా డిచ్‌పల్లిలో ఇసబెల్ కెర్ దంపతుల ఆసుపత్రి 1915 నాటిది. హైదరాబాదు కూకట్‌పల్లిలో రాణీ కుముదినీ దేవి శివానంద పునరావాస నిలయాన్ని 1958లో ప్రారంభించింది. చర్లపల్లిలో 1999లో లెప్రా సంస్థ నెలకొల్పిన బ్లూ పీటర్ పరిశోధనా కేంద్రం రోగులకు చికిత్స, సూక్ష్మజీవుల పరిశోధన రెండూ ఒక్కచోట చేపట్టింది. 1981లో ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫారసు చేసిన బహుళ ఔషధ చికిత్సతో రోగుల సంఖ్య భారీగా తగ్గింది. మందు క్రిమిని చంపుతుంది. చచ్చిన నాడిని మాత్రం లేపలేదు. అందుకే క్రిమి పోయినవాళ్ళకు కూడా చెప్పులూ వ్యాయామాలూ కావాలి.

వేలూరులో చేతి మీద పని ఆగలేదు. పక్షవాతంతో చెయ్యి పడిపోయినవాళ్ళు సాధన చేసుకునే ‘ప్లూటో’ అనే చిన్న రోబోను అక్కడి బయోఇంజనీరింగ్ శాఖ ఐఐటీ మద్రాసుతో కలిసి రూపొందించింది. పిడి మార్చి పెట్టుకుంటే అదే యంత్రం మణికట్టుకూ, వేళ్ళ పట్టుకూ, ముంజేతి తిప్పుడుకూ శిక్షణనిస్తుంది.

కార్విల్‌లో పరీక్షించిన ఆ నైలాన్ తీగ ఇప్పుడు, అలాగే స్పర్శ పోయే షుగర్ రోగుల పాదాలు చూసే గదుల్లో బల్ల మీద ఉంటుంది. రోగి కళ్ళు మూసుకుంటాడు. వైద్యుడు తీగ కొనను బొటనవేలి కింద, అరికాలి ముందరి మెత్త మీద ఆనించి, అది విల్లులా వంగేదాకా నొక్కి, ‘తగిలిందా?’ అని అడుగుతాడు. తగలలేదంటే, చెప్పు తొడిగేముందు లోపల చెయ్యి పెట్టి తడమమనీ, రాత్రి పడుకునేముందు అద్దం పట్టుకుని అరికాళ్ళు చూసుకొమ్మనీ చెబుతాడు.