బ్రహ్మకమలం (తోట మొక్క)

తెలుగునాట పెరళ్ళలోను, మేడలపై కుండీలలోను బ్రహ్మకమలం అనే పేరుతో పెంచే మొక్క శాస్త్రీయ నామం ఎపిఫిల్లమ్ ఆక్సిపెటాలమ్. ఇది నాగజెముడు చెందిన కాక్టేసి కుటుంబంలోనిది. మెక్సికో, గ్వాటెమాల ప్రాంతాల ఉష్ణమండల అడవులు దీని పుట్టినిల్లు. ఒకరి ఇంట పూచినప్పుడు చూడవచ్చిన మిత్రులు ఒక ముక్క అడిగి తీసుకొనిపోవడం పరిపాటి.

పేరులో చిక్కు

అసలు బ్రహ్మకమలం వేరు. అది హిమాలయాలలో పెరిగే సాసూరియా ఆబ్వల్లాటా, ఉత్తరాఖండ్ రాష్ట్ర పుష్పం. చామంతి, పొద్దుతిరుగుడు కుటుంబానికి చెందిన ఆ మొక్క ఎత్తయిన మంచుకొండల చలికి అలవాటుపడినది; మన ఎండలకు బ్రతకదు. కావున మిత్రులిచ్చిన ముక్క హిమాలయాల నుండి వచ్చినదని నమ్మనవసరం లేదు. కేరళలో దీనిని నిశాగంధి అంటారు. ఈ పేరే దీనికి తగినది.

ఆకు కాదు, కాండం

"ఆకు నాటితే మొలుస్తుంది" అని అందరూ చెప్పే ఆ పచ్చని బల్లపరుపు భాగం నిజానికి కాండమే. దాని అంచుల నొక్కులలో మొగ్గ కణజాలం ఉంటుంది. కొత్త రెమ్మలు, పూమొగ్గలు అక్కడి నుండే వస్తాయి. చిన్న ముక్క నుండి సంపూర్ణమైన మొక్క రావడానికి కారణం ఇదే.

ముక్కతో పెంచడం

ముదిరిన, తెగులు లేని కాండం నుండి సుమారు 15 నుండి 20 సెంటీమీటర్ల ముక్కను శుభ్రమైన కత్తితో కోయాలి. కోసిన తరువాత రెండు చివరలూ ఒకేలా కనబడతాయి. తలక్రిందులుగా నాటిన ముక్క సరిగా ఎదగదు గనుక, క్రింది చివరకు గుర్తు పెట్టి ఇమ్మని ఇచ్చేవారినే అడగడం మంచిది.

తెచ్చిన వెంటనే నాటరాదు. నీడలో వారం రోజులు ఉంచితే కోత ఆరి గట్టిపడుతుంది. పచ్చి కోతను తడి మట్టిలో పెడితే బూజు సోకి కుళ్ళుతుంది. ఎక్కువ ముక్కలు చనిపోయేది ఇలాగే. స్వస్థలంలో ఇది చెట్ల కొమ్మలపై, కుళ్ళిన ఆకుల మధ్య వేళ్ళూనే మొక్క. అందుచేత నల్లరేగడి పనికిరాదు. ఎర్రమట్టి, ఇసుక, ఆకుల ఎరువు, కొబ్బరిపొట్టు కలిపి, అడుగున రంధ్రమున్న కుండీలో నింపాలి. ముక్కను 3, 4 సెంటీమీటర్ల లోతున గుచ్చి, కదలకుండా పుల్లకు కట్టాలి. మట్టి పైపొర ఆరిన తరువాతే కొద్దిగా నీరు పోయాలి. నాలుగు నుండి ఆరు వారాలలో వేళ్ళు వస్తాయి. వచ్చినదీ లేనిదీ తెలుసుకోవడానికి ముక్కను పీకి చూడకూడదు. ఉదయపు ఎండ మేలు. మధ్యాహ్నపు ఎండకు కాండం పసుపుబారుతుంది.

పుష్పించడం

పూయడానికి సాధారణంగా రెండు మూడేళ్ళు పడుతుంది. మొగ్గ మొదట క్రిందికి వ్రేలాడి, విచ్చుకొనే ముందు కొక్కెం వలె పైకి వంగుతుంది. ఆ వంపు కనబడితే పూసే రాత్రి దగ్గరపడినట్లే. చీకటి పడిన తరువాత విచ్చుకోవడం మొదలై, అర్ధరాత్రికి పూర్తిగా విచ్చి, తెల్లవారేసరికి వాడిపోతుంది. తెల్లని రంగు, ఘాటైన పరిమళం రాత్రి తిరిగే చిమ్మటలను ఆకర్షించడానికి ఏర్పడినవి.

అయితే ఇన్ని పూలు పూసినా మన ఇళ్ళలో కాయ కనబడడం అరుదు. ఈ మొక్క సాధారణంగా తన పుప్పొడితో తాను ఫలదీకరణం చెందదు. ముక్కల ద్వారా చేతులు మారిన మొక్కలన్నీ జన్యుపరంగా ఒకే మొక్క కనుక, ఇరుగుపొరుగు ఇళ్ళలో ఒకే రాత్రి పూసినా విత్తనం కట్టవు.