తగ్గింది సరే, దేనివల్ల తగ్గింది?

మదనపల్లెకు కొద్ది దూరంలో ఆరోగ్యవరం ఉంది. ఆసుపత్రి పేరే ఊరిపేరుగా స్థిరపడిన చోట్లలో అదొకటి. 1912లో కొన్ని క్రైస్తవ మిషన్ సంఘాలు చేతులు కలిపి, నాటి చిత్తూరు జిల్లాలోని మదనపల్లెలో క్షయరోగుల కోసం ఒక శానిటోరియం ప్రారంభించాయి. 1915లో అది ఇప్పటి స్థలానికి మారింది. డెన్మార్కు దేశీయుడైన క్రిస్టియన్ ఫ్రిమోట్-మొల్లర్ దానికి సారథి. సముద్రమట్టానికి దాదాపు 700 మీటర్ల ఎత్తు, పొడిగాలి, జనసమ్మర్దానికి దూరం: క్షయకు ఇంతకన్నా మంచి చోటు దక్షిణాదిలో దొరకడం కష్టమని అప్పటివారు భావించారు. క్షయకు కారణమైన సూక్ష్మజీవిని కాఖ్ 1882లోనే పట్టుకున్నాడు. దానిని చంపే మందు చేతికి రావడానికి మరో అరవై ఏళ్లు పట్టింది. కారణం తెలిసి, మందు తెలియని ఆ అరవై ఏళ్లలో వైద్యులు ఏం చేశారన్నది ఈ వ్యాసంలో నేను చెప్పదలచుకున్న మొదటి సంగతి. మోకాళ్ల నొప్పి, నడుము నొప్పి, ఉబ్బసం, సోరియాసిస్, మధుమేహం వంటి దీర్ఘవ్యాధులతో ఒక వైద్యం నుంచి మరో వైద్యానికి తిరుగుతున్న ఈనాటి రోగి కథకు, ఆనాటి వైద్యుల కథకు దగ్గరి పోలిక ఉంది.

శానిటోరియం చికిత్స అంటే ప్రధానంగా విశ్రాంతి, గాలి, ఆహారం. రోగి రోజంతా తెరిచిన వరండాలో మంచం మీద పడుకునేవాడు. జ్వరం చూసి రాసుకునేవారు, బరువు తూచేవారు, పాలూ గుడ్లూ పెట్టేవారు. నెలలు గడిచేవి. కొందరికి జ్వరం తగ్గేది, బరువు పెరిగేది, ఇంటికి వెళ్లేవారు. కొందరు వెళ్లేవారు కాదు. తగ్గినవారిని చూసి వైద్యులు గాలి గొప్పదన్నారు. అది చాలదనిపించినప్పుడు ఇటలీ వైద్యుడు ఫోర్లానీని చూపిన మార్గాన్ని ప్రపంచమంతటా అనుసరించారు. పక్కటెముకల మధ్య సూది దించి, ఊపిరితిత్తి చుట్టూ గాలి నింపి, రోగం పట్టిన ఊపిరితిత్తిని ముడుచుకునేలా చేయడం ఆ పద్ధతి. విరిగిన చేతికి కట్టు కట్టి కదలకుండా ఉంచినట్టే ఊపిరితిత్తికీ విశ్రాంతి ఇవ్వాలన్నది దాని వెనుక ఉన్న తర్కం. నింపిన గాలి ఒంట్లో ఇంకిపోతుంది కనుక మళ్లీ మళ్లీ నింపాలి. రోగులు ఏళ్ల తరబడి ఆ సూది కోసం వచ్చేవారు. అదీ పనిచేయకపోతే పక్కటెముకలు కోసి తీసేసేవారు.

ఇవి నాటువైద్యుల పనులు కావు. ఐరోపా విశ్వవిద్యాలయాల్లో చదివిన మహామహులు, చిత్తశుద్ధితో, తమకు తెలిసిన శాస్త్రం ప్రకారం చేసినవి. ప్రత్యామ్నాయ వైద్యం మీద నా తోటి వైద్యులు విరుచుకుపడినప్పుడల్లా నాకు ఆ పక్కటెముకలు గుర్తొస్తాయి.

అన్నిటికన్నా విడ్డూరమైనది బంగారం. 1924లో డెన్మార్కుకే చెందిన మాల్గార్డ్ అనే శాస్త్రవేత్త బంగారపు లవణంతో తయారైన సానోక్రైసిన్ అనే మందును ప్రకటించాడు. బంగారం పేరు వినగానే మనవాళ్లకు స్వర్ణభస్మం స్ఫురిస్తుంది. పాశ్చాత్యులకూ ఆ లోహం మీద మనకున్నంత నమ్మకమే ఉన్నట్టుంది. పలు దేశాల శానిటోరియాలలో ఆ సూదులు వేశారు. రోగులకు జ్వరం, దద్దుర్లు, మూత్రపిండాల దెబ్బ కనిపించాయి. అయినా మేలు జరిగిందన్న నివేదికలు వస్తూనే ఉన్నాయి. చివరకు అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో ఆంబర్సన్, అతని సహచరులు ఒక చిన్న పని చేశారు. ఒకే రకంగా ఉన్న 24 మంది రోగులను పన్నెండేసి మంది చొప్పున రెండు గుంపులుగా విడదీసి, నాణెం ఎగరేసి, ఏ గుంపుకు బంగారమో ఏ గుంపుకు ఉత్త శుద్ధజలమో నిర్ణయించారు. తమకు ఎక్కుతున్నది ఏదో రోగులకు చెప్పలేదు. 1931లో ఫలితం ప్రచురించారు. బంగారం ఎక్కించుకున్నవారికన్నా నీళ్లు ఎక్కించుకున్నవారే మెరుగ్గా ఉన్నారు.

ఆ నాణెం విలువ నాకు వైద్యకళాశాలలో ఎవరూ సరిగా చెప్పలేదు. వృత్తిలో చాలా ఏళ్లు గడిచాక గాని తెలిసిరాలేదు.

బ్రిటన్‌లో స్ట్రెప్టోమైసిన్‌ను అదే తీరున పరీక్షించి, 1948లో ఫలితం ప్రచురించారు. 107 మంది రోగులలో 55 మందికి మందు, 52 మందికి కేవలం విశ్రాంతి. ఆరు నెలలలో మందు గుంపులో నలుగురు, విశ్రాంతి గుంపులో పద్నాలుగురు మరణించారు. విశ్రాంతి ఒక్కటే చాలదని అంకెలు చెప్పాయి. ఆ సంవత్సరమే ఆరోగ్యవరంలో బి.సి.జి. టీకా వేయడం మొదలైంది; మన దేశంలో ఆ టీకా చరిత్రకు అది తొలి అడుగు. ఫ్రిమోట్-మొల్లర్ తరువాత ఆ సంస్థను నడిపిన డాక్టర్ పి.వి. బెంజమిన్ కేంద్ర ప్రభుత్వానికి క్షయ సలహాదారు అయ్యారు. ఇక 1956లో మద్రాసులో మొదలైన పరిశోధన శానిటోరియం పునాదినే కదిపింది. పేద రోగులను రెండుగా విడదీసి, సగం మందికి ఆసుపత్రిలోనూ సగం మందికి వారి ఇరుకు ఇళ్లలోనూ ఒకే మాత్రలు ఇచ్చారు. ఇంట్లో ఉన్నవారు తక్కువ తిన్నారు, ఎక్కువ పనిచేశారు; అయినా ఫలితంలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. కొండగాలి, పాలు, గుడ్లు, మంచం: ఇవేవీ అసలు మందు కావని తేలిపోయింది. ఒక వైద్యవిధానం తన కీర్తికి మూలమైన దానినే పరీక్షకు పెట్టి, ఓడి, ఆ ఓటమిని అంగీకరించడం చరిత్రలో తరచుగా జరిగేది కాదు.

ఇంతకీ నాణెం ఎందుకు అవసరమైంది? దీర్ఘవ్యాధి నిలకడగా ఉండదు గనుక. అది పెరుగుతుంది, తగ్గుతుంది, మళ్లీ పెరుగుతుంది. నొప్పి భరించలేని స్థితికి చేరినప్పుడే మనిషి కొత్త వైద్యుడి గడప తొక్కుతాడు. శిఖరం ఎక్కాక దారి దిగువకే కదా. ఆ వారం ఏ పసరు తాగినా, ఏ సూది పొడిపించుకున్నా, ఏ మాత్ర మింగినా ఘనత దానికే దక్కుతుంది. మా మాత్రలకూ అలాగే దక్కుతుంది, అందులో దాపరికం లేదు.

మన ప్రాంతంలో ఇంతకన్నా సరళమైన ఉదాహరణ ఉంది. పుత్తూరు దగ్గరి రాచపాళెం పేరు వినని రాయలసీమవాసి ఉండడు. అక్కడి రాజుల కుటుంబం తరతరాలుగా ఎముకలు కడుతోంది. ఆకు పసరు, కోడిగుడ్డు తెల్లసొన, గుడ్డ, వెదురు బద్దలు: ఇదీ పుత్తూరు కట్టు. తమిళనాడు, కర్ణాటకల నుంచి కూడా జనం వస్తారు. ఆ పేరుతో బోర్డులు మద్రాసు వీధుల దాకా వెలిశాయి. విరిగిన ఎముక తనంతట తానే అతుక్కుంటుంది. సరైన వరుసలో నిలిపి ఉంచడమే వైద్యుడి పని, అది పిండికట్టుతో జరిగినా వెదురుతో జరిగినా. కాబట్టి తేలికైన విరుపులలో పుత్తూరు కట్టు ఫలించడంలో వింత లేదు. ఆ ఘనత పసరుదా, బద్దదా అన్నదే ప్రశ్న. నా ఓటు బద్దకు. ఎముకలు కట్టేవారిని చులకన చేయడం మాత్రం తగదు. వేల్స్‌లో తరాలుగా ఎముకలు కట్టే కుటుంబంలో పుట్టి, తర్వాత వైద్యవిద్య చదివిన హ్యూ ఓవెన్ థామస్ రూపొందించిన బద్దే మొదటి ప్రపంచయుద్ధంలో తొడ ఎముక విరిగిన వేలాది సైనికుల ప్రాణాలు కాపాడింది. ఎముకలు కట్టేవారు నయం చేసే కేసుల నుంచి వైద్యులు నేర్చుకోవాలని జేమ్స్ పాజెట్ 1867లోనే ఉపన్యసించాడు. కట్టు మరీ బిగుసుకుని రక్తం ఆగి, వేళ్లు నల్లబడి వచ్చిన పిల్లలను కూడా నేను చూశాను. అది పిండికట్టుతోనూ జరగగలదు, కానీ విప్పవలసిన గడియ ఎప్పుడో తెలిసినవారు పక్కన ఉండాలి.

పసరు అనగానే కామెర్లు గుర్తుకు రావాలి. మన పల్లెల్లో నేల ఉసిరి వాడని ఇల్లు అరుదు. కలుషితమైన నీటి వల్ల వచ్చే కామెర్లు చాలామందిలో కొద్ది వారాలలో వాటంతట అవే తగ్గుతాయి, కనుక అక్కడ నేల ఉసిరికి ఓటమి లేదు. హెపటైటిస్-బి వైరస్ ఏళ్ల తరబడి ఒంట్లో తిష్ఠ వేసినవారి సంగతి వేరు. 1988లో మద్రాసుకు చెందిన త్యాగరాజన్, సహచరులు లాన్సెట్ పత్రికలో ఒక ఫలితం ప్రకటించారు. నేల ఉసిరి పొడి తీసుకున్న 37 మందిలో 22 మందికి వైరస్ గుర్తు మాయమైంది. ఉత్త పొడి తీసుకున్న 23 మందిలో ఒక్కరికే. ప్రపంచం అబ్బురపడింది. మన పెరటి మొక్క లాన్సెట్‌కు ఎక్కిందని నేనూ పొంగిపోయాను, ఆ సంచికను చాలాకాలం దాచుకున్నాను. తరువాత ఇతర దేశాలలో జరిగిన పరీక్షలలో ఆ ఫలితం మళ్లీ రాలేదు. వైద్యంలో ఒకసారి గెలవడం చాలదు.

ఇప్పుడు సూదుల సంగతి. ఆక్యుపంక్చర్ వేల ఏళ్లుగా చెక్కుచెదరకుండా వచ్చిందని ప్రచారం. 1822లో చైనా చక్రవర్తే తన వైద్యాలయంలో దానిని బోధించడం మాన్పించాడు. ఇరవయ్యో శతాబ్దంలో దాని రూపురేఖలు మళ్లీ దిద్దుకున్నాయి. మన దేశానికి దానితో ఉన్న సంబంధం మాత్రం ఉదాత్తమైనది. 1938లో జపాన్ దాడికి గురైన చైనాకు మన కాంగ్రెస్ పంపిన అయిదుగురు వైద్యుల బృందంలో కోట్నిస్‌తో పాటు వెళ్లిన బిజయ్ కుమార్ బసు, తరువాతి కాలంలో ఆ విద్య నేర్చి కలకత్తాకు తెచ్చారు. పాశ్చాత్య లోకంలో దాని కీర్తికి 1971 జూలైలో వచ్చిన ఒక వార్తాకథనం కారణం. జేమ్స్ రెస్టన్ అనే అమెరికా పాత్రికేయుడికి పెకింగ్‌లో అపెండిక్స్ శస్త్రచికిత్స జరిగింది. సూదులతో మత్తు ఇచ్చి కోశారన్న కథ నేటికీ తిరుగుతోంది. కోతకు ముందు ఇచ్చింది మామూలు మత్తు ఇంజెక్షనే. తరువాతి రోజుల్లో కడుపు ఉబ్బరానికి సూదులు పెట్టారు. ఆయన రాసింది అంతే. లోకం చదువుకున్నది వేరు.

2007లో జర్మనీలో చాలాకాలంగా నడుము నొప్పితో బాధపడే 1,162 మందిపై పెద్ద పరీక్ష జరిగింది. ఒక గుంపుకు శాస్త్రోక్తమైన బిందువుల వద్ద సూదులు, రెండో గుంపుకు బిందువులు కాని చోట పైపైన సూదులు, మూడో గుంపుకు మందులు, వ్యాయామం వంటి మామూలు చికిత్స. ఆరు నెలలకు మెరుగైనవారు వరుసగా 47.6, 44.2, 27.4 శాతం. ఈ మూడు అంకెలనూ ఎవరికి కావలసినట్టు వారు వాడుకుంటారు. సూదుల అభిమాని మొదటి అంకెనూ మూడో అంకెనూ పక్కపక్కన పెడతాడు. విమర్శకుడు మొదటిదాన్నీ రెండోదాన్నీ పెడతాడు. మూడూ కలిపి చదివితే బిందువుల పటానికి విలువ లేదని అర్థమవుతుంది. మా మామూలు చికిత్స నలుగురిలో ఒకరికి మించి పెద్దగా ఉపశమనం ఇవ్వలేదనీ అర్థమవుతుంది. ఈ రెండో సంగతి చెప్పడానికి మావాళ్లకు నోరు రాదు. సూదులకు అపాయం తక్కువే, కాని సున్నా కాదు. ఒకరికి వాడినది మరొకరికి వాడితే హెపటైటిస్-బి అంటవచ్చు. రొమ్ము భాగంలో లోతుగా దిగితే ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరవచ్చు. ఆరోగ్యవరం కాలంలో వైద్యులు కావాలని తెచ్చిపెట్టిన స్థితే అది!

తిరుపతిలో ఈ విషయాలు మాట్లాడటం కొంత సులువు. తితిదే 1983లో ఆయుర్వేద కళాశాలను నెలకొల్పింది. 1993లో తలుపులు తెరిచిన స్విమ్స్‌కూ అదే అండ. ఉదయం ఇక్కడ, సాయంత్రం అక్కడ చూపించుకునే రోగులు నాకు వందల్లో తెలుసు. చిక్కు ఎక్కడంటే, ఒకచోట చేసుకున్నది మరోచోట చెప్పరు. పుంగనూరు వైపు నుంచి ఒక రైతు నా దగ్గరికి వచ్చేవాడు, ఇన్సులిన్ మీద ఉన్న మనిషి. ఎవరో ఇచ్చిన ఆకుపొడి మొదలుపెట్టి సూది మానేశాడు. నేను తిడతానని చెప్పలేదు. చక్కెర ఎందుకు పెరిగిందని నేను మోతాదు గురించే ఆలోచించాను తప్ప, ఇంకేమైనా వాడుతున్నావా నాయనా అని అడగలేదు. కాలి పుండు ముదిరి పాదం తీసివేయవలసి వచ్చింది. ఆ పొడి ఇచ్చినవాడిని చాలాకాలం తిట్టుకున్నాను. అడగనిది నేనేనని ఒప్పుకోవడానికి ఇంకా ఎక్కువ కాలం పట్టింది. ఆ తరువాత ప్రతి రోగినీ ఆ ప్రశ్న అడిగాను, విసుగూ వెటకారమూ లేని గొంతుతో. వచ్చిన జవాబులు విని విస్తుపోయేవాణ్ని. కీళ్లనొప్పులకు అద్భుతంగా పనిచేస్తుందన్న ఒక పొడిని వాడి ముఖం గుండ్రంగా ఉబ్బి వచ్చినవారున్నారు. అందులో స్టెరాయిడ్ కలిసిందనడానికి ఆ ముఖమే సాక్ష్యం.

మా అమ్మ డెబ్బయ్యో పడిలో మోకాళ్లకు సూదులు పెట్టించుకుంటానంది. నేను మూడు షరతులు పెట్టాను: బీపీ మాత్రలు ఆపకూడదు, ప్రతిసారీ కొత్త సూదులు వాడాలి, ఎనిమిది వారాలలో మెట్లెక్కడం సులువు కాకపోతే మానేయాలి. ఎన్ని మెట్లు ఆగకుండా ఎక్కిందో క్యాలెండరు మీద రాసుకోమన్నాను. ఆ పని శ్రద్ధగా చేసింది. అంకెలు కొంచెం పెరిగాయి, కొంచెం తగ్గాయి, మొదలుపెట్టిన చోటికే వచ్చాయి. నొప్పి మాత్రం తగ్గిందనేది. ఎలా తగ్గిందమ్మా అని అడిగితే, ఆ అబ్బాయి అరగంట సేపు మోకాలి దగ్గరే కూర్చుంటాడురా, నువ్వు ఎక్స్‌రేనే చూశావు, అంది. ఎనిమిదో వారం దాటాక తనే మానేసింది. అక్కడికి వెళ్లే సిటీ బస్సు మెట్లు మరీ ఎత్తుగా ఉన్నాయట.