ఎడారిలో కెమెరా కన్ను: 'ఆడుజీవితం'

బెన్యామిన్ మలయాళ నవల ఆధారంగా బ్లెస్సీ తీసిన ఈ చిత్రం 2024 మార్చి 28న తెలుగులో కూడా విడుదలైంది. కథ సౌదీది, షూటింగ్ మాత్రం జోర్డాన్ వాదీ రమ్‌లోనూ అల్జీరియా సహారాలోనూ జరిగింది!

ఛాయాగ్రాహకుడు సునీల్ కె.ఎస్. (కేరళ రాష్ట్ర అవార్డు గ్రహీత) లాంగ్ షాట్లలో నజీబ్ ఇసుకలో చుక్కంత. క్లోజప్‌లో పగిలిన పెదవులు, జడలు కట్టిన జుట్టు. కేరళ జ్ఞాపకాలన్నీ పచ్చదనం, నీళ్లు. ఈ తేడాతోనే దాహం మనకు తెలుస్తుంది.

మన అబుదాబి లీవాలో తీసిన 'డ్యూన్' (2021)లో ఎడారి అందం చూసి మురిసిపోయాను. ఇక్కడ అదే ఇసుక భయపెట్టింది. వారాంతపు సఫారీల్లో ఫొటోలు దిగే మనకు, కరీంనగర్, నిజామాబాద్‌ల నుంచి గల్ఫ్‌కొచ్చి ఒంటెల, గొర్రెల కాపలాలో చిక్కుకున్న మనవాళ్లు ఈ ఫ్రేముల్లో కనిపిస్తారు. నిడివి కాస్త ఎక్కువే, అయినా పెద్ద తెర మీదే చూడదగ్గది.