తాగి నడిపిన కేసులు, మద్య విమోచన చికిత్స (గోదావరి డెల్టా)

తాగి బండి నడిపి శిక్ష పడినవారి చేత మందు మాన్పించే ప్రయత్నం గోదావరి జిల్లాల్లో కొత్తది. దానికి ముందున్నదంతా నిషేధాల కథే.

1937లో రాజాజీ సేలంలో మొదలుపెట్టిన మద్య నిషేధం 1948 నాటికి ఉభయ గోదావరులతో సహా మద్రాసు రాష్ట్రమంతటా అమలైంది. 1954 నవంబరులో ఆంధ్ర రాష్ట్రంలో టంగుటూరి ప్రకాశం ప్రభుత్వం కూలింది ఈ నిషేధం పేచీ మీదే. డెల్టాకు మరో చిక్కుంది, యానాం. 1954 దాకా ఫ్రెంచివారిది, తర్వాత పుదుచ్చేరిది. మన నిషేధాలేవీ అక్కడ చెల్లవు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు లేపిన సారా వ్యతిరేక ఉద్యమం ఘనమైనది. దాని ఒత్తిడికి 1993 అక్టోబరు 1న సారా, 1995 జనవరి 16న మద్యం మొత్తం ఆగాయి. 1997లో నిషేధం ఎత్తేసేదాకా డెల్టావాసులకు యానాం దగ్గరి దారి. వెళ్లినవారు అదే బండి మీద తిరిగి రావాలి కదా!

బండి సంగతి చూసే చట్టం 1988 నాటి మోటారు వాహనాల చట్టం. 185వ సెక్షన్ కింద వంద మిల్లీలీటర్ల రక్తంలో ఆల్కహాలు 30 మిల్లీగ్రాములు దాటితే నేరం. 2019 సెప్టెంబరు నుంచి మొదటిసారి జరిమానా రెండు వేల నుంచి పది వేలకు పెరిగింది. ఆరు నెలల దాకా జైలూ పడొచ్చు. లైసెన్సు కనీసం ఆరు నెలలు పోతుంది. రావులపాలెం దగ్గర హైవే మీద "ఊదు" అని గొట్టం నోటికందిస్తే యంత్రం అంకె చూపిస్తుంది. అలవాటు ఎన్నేళ్లదో దానికి తెలియదు.

విచిత్రమేమిటంటే, గంజాయికి బానిసై దొరికినవాడిని కోర్టు శిక్షకు బదులు, అతను ఒప్పుకుంటే, చికిత్సకు పంపే వీలు 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం 39వ సెక్షన్‌లో ఉంది. 185లో అలాంటి మాట లేదు.

ఆ ఖాళీని కొంత కౌన్సెలింగ్ పూడ్చింది. హైదరాబాద్‌లో తాగి నడిపి పట్టుబడినవారిని గోషామహల్‌లోని ట్రాఫిక్ శిక్షణ సంస్థలో ఇంటివాళ్లతో కలిపి కూర్చోబెట్టి, ఆ తర్వాతే కోర్టుకు పంపేవారు. భార్య పక్కనుంటే బుకాయింపు సాగదు.

అసలు వైద్యం మాత్రం ఆసుపత్రి వార్డులో. ఏళ్ల తాగుడు ఒక్కసారి ఆపితే మొదటి రోజే చేతులు వణుకుతాయి, రెండు మూడు రోజుల్లో కొందరికి భ్రమలొస్తాయి. డాక్టర్లు క్లోర్‌డయజెపాక్సైడ్ మాత్రలు రోజురోజుకీ తగ్గిస్తూ, థయామిన్ ఇంజెక్షన్లతో గండం దాటిస్తారు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మద్య వ్యసనాన్నీ జబ్బుల్లో చేర్చింది. మాన్పించడానికి వేరే దారీ ఉంది: అమెరికాలోని సౌత్ డకోటాలో 2005 నుంచి తాగి నడిపిన దోషులు రోజుకు రెండుసార్లు ఊదాలి. తాగినట్టు తేలితే వెంటనే ఒకటి రెండు రోజులు లాకప్పు.