మస్తరు నుంచి ప్రజావేదిక దాకా

1990లో రాజస్థాన్‌లో మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ పుట్టేనాటికి అక్కడి కూలీలది పాత గొడవే. కరువు పనికి వెళ్తే కనీస వేతనం చేతికి రాదు. అడిగితే కొలతల పుస్తకంలో మీరు చేసింది ఇంతే అని జవాబు. ఆ పుస్తకం చూపమంటే అది ప్రభుత్వ రహస్యం!

1994 డిసెంబరులో పాలీ జిల్లా కోట్‌కిరానాలో ఆ సంఘటన్‌కు చెందిన అరుణా రాయ్, నిఖిల్ డే, శంకర్ సింగ్‌ల బృందం తొలి బహిరంగ విచారణ జరిపింది. చేతికి చిక్కిన మస్తర్లను, అంటే కూలీల హాజరు పట్టీలను, ఊరి ముందు బిగ్గరగా చదివారు. లెక్క తప్పో ఒప్పో తేల్చింది ఆ పని చేసినవాళ్లే. విశ్వవిద్యాలయాలు ఏమన్నా, నా దృష్టిలో ఇది పరిశోధనే. పైగా సాక్షుల ఎదుట జరిగిన పరిశోధన. 1996లో బ్యావర్‌లో 40 రోజుల ధర్నా, 2000లో రాజస్థాన్ సమాచార హక్కు చట్టం, 2005లో కేంద్ర చట్టం దాని వెనకే వచ్చాయి.

2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో ఉపాధి హామీ పథకం మొదలైంది. పనుల లెక్కలపై గ్రామసభ సామాజిక తనిఖీ చేయాలని ఉపాధి హామీ చట్టం 17వ సెక్షనులోనే పెట్టారు. చాలా రాష్ట్రాల్లో అది కాగితం దాటలేదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మాత్రం ఉద్యమాల పద్ధతిని ప్రభుత్వమే అందుకుంది. 2009లో అందుకు ప్రత్యేక సొసైటీనే పెట్టింది. కూలీల ఇళ్లలో చదువుకున్న పిల్లలకు శిక్షణ ఇచ్చి, సొంత ఊరు కాని ఊళ్లకు పంపేవారు. వాళ్లు ఇంటింటికీ తిరిగి, జాబ్ కార్డునూ పాసు పుస్తకాన్నీ మస్తరుతో సరిచూసి, తవ్విన గుంటలను టేపుతో కొలిచేవారు. తేలిందంతా గ్రామసభలో, ఆపైన మండల ప్రజావేదికలో చదివేవారు. ఊళ్లో పనులు చూసే ఫీల్డ్ అసిస్టెంటు అందరి ముందూ నిలబడి జవాబు చెప్పుకోవాల్సి వచ్చేది.

అక్రమాలు ఆగాయా? ఆర్థికవేత్తలు ఫర్జానా అఫ్రిదీ, వెగార్డ్ ఐవర్సన్ ఆంధ్రప్రదేశ్ తనిఖీ నివేదికలనే తిరగేసి చూశారు. కూలి లెక్కల్లో దొంగతనం కష్టమయ్యేకొద్దీ అది సామగ్రి బిల్లుల వైపు మళ్లిందని వాళ్లకు కనిపించింది. ఇందులో వింతేమీ లేదు. తాను ఎన్ని రోజులు పని చేసిందో కూలీకి తెలుసు, సిమెంటు బస్తాల లెక్క తెలియదు. పైగా తప్పు పట్టేది ఊరు, శిక్ష వేయాల్సింది పథకాన్ని నడిపే శాఖ అధికారే. తేలిన సొమ్ములో తిరిగి వసూలైంది కొద్దిపాటే.

2011లో కేంద్రం తనిఖీ నిబంధనలు తెచ్చింది. 2017లో మేఘాలయ ఇతర పథకాలకూ వర్తించేలా చట్టమే చేసింది. తనిఖీ బృందాల జీతాలకు డబ్బు మాత్రం ఇప్పటికీ ప్రభుత్వాల నుంచే రావాలి.