కుక్కకు పని, పిల్లికి వేట

పెంపుడు జంతువుల ఆటవస్తువుల చరిత్ర అంటే, ఇంట్లోకి వచ్చాక వాటికి పోయిన పనిని తిరిగి కల్పించే ప్రయత్నాల చరిత్ర. మన పల్లెల్లో కుక్క వీధి కాపలా కాస్తుంది, పిల్లి గాదెల దగ్గర ఎలుకల్ని పడుతుంది. అమెరికాలో షికాగోకు పడమట ఉన్న నేపర్‌విల్‌లో ఈ రెండు పనులూ లేవు. కుక్కను గొలుసు విప్పి వదలడానికి స్ప్రింగ్‌బ్రూక్ ప్రెయిరీలో కంచె కట్టిన స్థలం ఉంది కానీ, అక్కడి చలికాలం ఆ అవకాశాన్నీ మిగల్చదు. 2019 జనవరి 30న షికాగో ఓహేర్ విమానాశ్రయంలో ఉష్ణోగ్రత మైనస్ 30 డిగ్రీల సెల్సియస్‌కు పడిపోయింది. అలాంటి రోజుల్లో జంతువుకు దొరికే కాలక్షేపమంతా నాలుగు గోడల మధ్యే.

జంతువులు పనిని ఎంత ఇష్టపడతాయో 1963లో పరిశోధకుడు గ్లెన్ జెన్సెన్ ప్రయోగం చూపించింది. పక్కనే గిన్నెలో ఊరికే తిండి ఉన్నా, చాలా ఎలుకలు మీట నొక్కి సంపాదించుకుని కూడా తిన్నాయి. కొలరాడోలో జో మార్ఖమ్‌కు ఇదే సంగతి తన కుక్క ద్వారా తెలిసింది. ఫ్రిట్జ్ అనే ఆ జర్మన్ షెపర్డ్ పోలీసు కొలువు ముగిశాక రాళ్లు కొరికి పళ్లు పాడు చేసుకునేది. మార్ఖమ్ పాత ఫోక్స్‌వాగన్ వ్యాన్ బాగు చేస్తూ తీసిపెట్టిన రబ్బరు సస్పెన్షన్ ముక్కను అది నోట కరుచుకుని వదల్లేదు. అందులోంచి 1976లో 'కాంగ్' పుట్టింది. మూడు గుండ్లు ఒకదానిపై ఒకటి పేర్చినట్టుండే ఆ బొమ్మ నేలకు తగిలితే ఎటు ఎగురుతుందో చెప్పలేం. దాని బోలులో గట్టి పెరుగో, పీనట్ బటరో కూరి, ఫ్రీజర్‌లో గడ్డకట్టించి ఇస్తే కుక్క చాలాసేపు నాకుతూ కూర్చుంటుంది. బ్యాటరీ లేదు, తీగ లేదు. తర్వాత వచ్చిన ఖరీదైన యంత్రాల్లో దీనికి సాటి వచ్చేవి తక్కువ.

పిల్లి సంగతి వేరు. 2021లో వెలువడిన డేవిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ పరిశోధనలో 17 పిల్లులకు పళ్లెంలో తిండినీ, కష్టపడి తీసుకోవాల్సిన తిండినీ పక్కపక్కన పెడితే, ఎక్కువ భాగం పళ్లెం వైపే వెళ్లాయి. పిల్లికి కావాల్సింది కూలి కాదు, వేట. 1995లో కెవిన్ అమిస్, మార్టిన్ అబాట్ లేజర్ కాంతితో పిల్లికి వ్యాయామం చేయించే పద్ధతికి అమెరికాలో పేటెంటు పొందారు. ఎర్ర చుక్క వెనక పిల్లి పరుగెత్తుతుంది గానీ, పంజా కింద ఏదీ దొరకదు. తరచూ లేజర్‌తో ఆడించే పిల్లుల్లో నీడల్నీ వెలుగుల్నీ అదే పనిగా వెంటాడే అలవాటు ఎక్కువగా కనిపిస్తోందని 2021లో మరో అధ్యయనం పెంపకందార్ల సమాధానాల ఆధారంగా చెప్పింది. ఆట చివర్లో నిజమైన బొమ్మనో, తినుబండారాన్నో పట్టనివ్వాలనే సలహా అందుకే.

ఈ చరిత్రలో షికాగోకూ చోటుంది. 1977లో పరిశోధకురాలు ఐరీన్ పెప్పర్‌బర్గ్ అక్కడి పెంపుడు జంతువుల దుకాణంలో అలెక్స్ అనే బూడిదరంగు చిలుకను కొన్నారు. 1984 నుంచి కొన్నేళ్లు అది ఎవాన్‌స్టన్‌లోని నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయంలో ఉండి రంగులూ ఆకారాలూ అంకెలూ నేర్చింది. చిలుకలకు ఇంత బుర్ర ఉన్నప్పుడు పంజరంలో వాటికి విసుగు పుట్టడం సహజం. అందుకే ఆమె తర్వాత ఎంఐటీ మీడియా ల్యాబ్‌లో, చిలుక తానే జాయ్‌స్టిక్ కదిపి చిత్రాలనో సంగీతాన్నో ఎంచుకునే పరికరం మీద పనిచేశారు. ఎంపిక జంతువుది కావడమే ఇందులో పెద్ద ముందడుగు.

2016లో వచ్చిన 'ఫర్బో' కెమెరా ఆ అడుగును అందిపుచ్చుకోలేదు. ఆఫీసులో ఉన్న యజమాని ఫోన్ నొక్కితే ఇంట్లో బిస్కెట్ ఎగిరిపడుతుంది. ఎప్పుడనేది కుక్క చేతిలో లేదు. గ్లాస్గో విశ్వవిద్యాలయంలో ఇలియెనా హిర్స్కీ-డగ్లస్ 2021లో తన లాబ్రడార్ జాక్ కోసం తయారు చేసిన 'డాగ్‌ఫోన్' ఈ లోటు తీర్చింది. మెత్తటి బంతిలో సెన్సర్ ఉంటుంది. కుక్క దాన్ని కదిపితే యజమానికి వీడియో కాల్ వెళ్తుంది. యజమాని కాల్ చేస్తే బంతి మోగుతుంది, ఎత్తడం కుక్క ఇష్టం. జాక్ చేసిన కాల్స్‌లో కొన్ని నిద్రలో బంతి తగిలి వెళ్లినవే. అది కాల్ చేయని రోజున మాత్రం ఆమెకే బెంగ పుట్టేది.