లెక్కకు రాని ఆట: డెనిస్ కాంప్టన్ యుద్ధకాలం, నాయుడు సోదరులు

రెండో ప్రపంచయుద్ధం ఆటగాళ్ల జీవితాల్లోంచి ఆరేడేళ్లు మింగేసిందన్నది వాడుకలో ఉన్న మాట. అది సగమే నిజం. ఆ ఏళ్లలో ఆట చాలాచోట్ల సాగింది కానీ, దానిలో ఏది లెక్కకు వస్తుందో, ఏది రాదో ఆయా క్రీడాసంఘాలు నిర్ణయించాయి. ఆర్సెనల్ ఫుట్‌బాల్ జట్టుకు, ఇంగ్లాండు క్రికెట్ జట్టుకు కూడా ఆడిన డెనిస్ కాంప్టన్ జీవితంలో ఈ తేడా స్పష్టంగా కనిపిస్తుంది. అందులో ఒక ముఖ్య ఘట్టం తెలుగు కెప్టెన్ నాయకత్వంలో నడిచింది.

1918లో పుట్టిన కాంప్టన్ మైదానానికి ఎడమ అంచున పరుగెడుతూ గోల్‌పైకి బంతిని అందించే 'అవుట్‌సైడ్ లెఫ్ట్' స్థానంలో 1936 నుంచి ఆర్సెనల్‌కు ఆడాడు. 1939 సెప్టెంబరులో యుద్ధం ప్రకటించగానే ఫుట్‌బాల్ లీగు ఆగిపోయింది. దాని స్థానంలో ప్రాంతీయ పోటీలు నడిచాయి; ఆర్సెనల్ సొంత మైదానం హైబరీని పౌరరక్షణ అవసరాలకు తీసుకోవడంతో, ఆ జట్టు తన చిరకాల ప్రత్యర్థి టాటెన్‌హామ్ మైదానంలో తలదాచుకోవలసి వచ్చింది. కాంప్టన్ ఈ పోటీల్లో క్లబ్బుకు వందకు పైగా మ్యాచ్‌లు, ఇంగ్లాండుకు పన్నెండు యుద్ధకాలపు మ్యాచ్‌లు ఆడినా, వాటికి అధికారిక గుర్తింపు లేనందున అతని పేరిట నిలిచినవి 54 లీగు మ్యాచ్‌లే. దేశం తరఫున ఆడినందుకు ఇచ్చే అధికారిక 'క్యాప్' అతనికి ఒక్కటీ దక్కలేదు. విడ్డూరమేమంటే, అతని అన్న లెస్లీకి 1950లో, 38 ఏళ్ల వయసులో, ఆ గౌరవం దక్కింది.

1944లో సైనికుడిగా భారతదేశానికి వచ్చిన కాంప్టన్‌ను ఇందోరు దగ్గరి మౌ దండులో ఉంచారు. ఇందోరు సంస్థానపు హోల్కర్ జట్టుకు అప్పటి కెప్టెన్ సి.కె. నాయుడు; మచిలీపట్నం మూలాలుండి నాగపూర్‌లో స్థిరపడిన తెలుగు కుటుంబానికి చెందినవాడు, 1932లో భారత్ ఆడిన తొలి టెస్టుకు నాయకుడు. 1945 మార్చిలో బొంబాయిలోని బ్రాబోర్న్ మైదానంలో జరిగిన రంజీ ఫైనల్లో హోల్కర్ ముందు 867 పరుగుల లక్ష్యం నిలిచింది. కాంప్టన్ 249 పరుగులతో అజేయంగా నిలిచినా, జట్టు 492కే ఆలౌటై 374 పరుగుల తేడాతో ఓడింది. రెండు జట్లూ కలిసి 2,078 పరుగులు చేసిన ఆ పిచ్‌పై అసలు కష్టమంతా బౌలర్లదే. సి.కె. తమ్ముడు, లెగ్‌స్పిన్నర్ సి.ఎస్. నాయుడు ఆ ఒక్క మ్యాచ్‌లో 152.5 ఓవర్లు, అంటే 917 బంతులు వేసి, 428 పరుగులిచ్చి 11 వికెట్లు తీశాడు. ఫస్ట్‌క్లాస్ క్రికెట్లో, అంటే గుర్తింపు పొందిన పెద్దస్థాయి పోటీల్లో, ఒక మ్యాచ్‌లో అన్ని బంతులు వేసినవారు మరొకరు లేరు.

ఈ మ్యాచ్ ఫస్ట్‌క్లాస్ కాబట్టి కాంప్టన్ పరుగులూ, సి.ఎస్. బంతులూ రికార్డుల్లోకెక్కాయి, అదే కాంప్టన్ ఇంగ్లాండు చొక్కా వేసుకుని ఆడిన ఫుట్‌బాల్ మాత్రం అనుబంధాల్లో మిగిలింది. అయితే సి.ఎస్.కు మరో నష్టం జరిగింది: భారత్ 1936 తర్వాత మళ్లీ టెస్టు ఆడింది 1946లోనే. ఆ పదేళ్లలో దేశవాళీ పోటీల్లో వికెట్లు కుప్పలుగా తీసిన ఈ బౌలర్‌కు, మొత్తం 11 టెస్టుల్లో వచ్చినవి రెండు వికెట్లే. యుద్ధం లేకుంటే లెక్క మారేదని గట్టిగా చెప్పలేం గాని, ఆ రెండంకెను చూసి అతని సత్తాను తూచడం అన్యాయం.

కాంప్టన్‌కు కాలం కొంత తిరిగి ఇచ్చింది. 1947 వేసవిలో 3,816 పరుగులు, 18 సెంచరీలు చేశాడు. ఆ రెండు రికార్డులూ నేటికీ చెక్కుచెదరలేదు. 1948లో ఆర్సెనల్‌తో లీగు విజేతగా, 1950లో లివర్‌పూల్‌ను 2-0తో ఓడించిన ఎఫ్.ఎ. కప్ జట్టు సభ్యుడిగా నిలిచి ఫుట్‌బాల్‌కు సెలవు చెప్పాడు. యుద్ధానికి ముందే ఫుట్‌బాల్లో దెబ్బతిన్న మోకాలు అతన్ని చివరిదాకా వదలలేదు.

సి.కె. మాత్రం ఆడుతూనే ఉన్నాడు. ఆంధ్ర రాష్ట్రం ఏర్పడిన 1953లోనే ఆంధ్ర జట్టు రంజీలో అడుగుపెట్టింది. ఆ తొలి సీజన్‌లో దానికి కెప్టెన్ 58 ఏళ్ల సి.కె. నాయుడే.